ఒంటిగంట నలభై ప్యాసింజరు

రాత్రి డ్యూటీ దిగేసరికి
చెవుల్లో ఇంకా ఊళ్లు మోగుతుండేవి.
చీరాల, నరసరావుపేట, మాచర్ల...
ఎవరో ఎవర్నో పిలుస్తూ, మధ్యలో మా ముగ్గురి గొంతులు.
హెడ్‌సెట్ నొక్కిన చోట జుట్టు అణిగిపోయి ఉండేది.
ఆ జుట్టుతోనే గుంటూరు స్టేషనుకి.

మస్తాన్‌బీ డబ్బాలో నిమ్మకాయ పులిహోర,
ఎస్తేరురాణి సంచిలో నిన్నటి పేపరు, రెండు అరటిపళ్లు,
నా దగ్గర టికెట్లు.
ఎప్పుడూ నా దగ్గరే. నాకేదో బాధ్యత ఉందని కాదు,
మిగతా ఇద్దరూ పారేసుకుంటారని.

పెదకాకాని, నంబూరు, మంగళగిరి:
మేం ఎన్నడూ దిగని ఊళ్లు.
కృష్ణా కెనాల్ దగ్గర బండి నిలబడిపోతే
సిగ్నల్ని తిట్టేది రాణి, సొంత మరిదిని తిట్టినట్టు.
వంతెన మీద మస్తాన్‌బీ పావలా విసిరేది.
"కృష్ణమ్మ నీకెందుకే?" అంటే
"నీళ్లు నేనూ తాగుతున్నా గదే" అనేది.

గాంధీనగరంలో ఆ హాలు ఇప్పుడు చీరల కొట్టు.
అప్పుడు మార్నింగ్ షోకి పాత బొమ్మలు వేసేవాళ్లు,
మా అమ్మలు మమ్మల్ని చంకనేసుకుని చూసినవి,
ఊరూరా తిరిగి గీతలు పడ్డ ప్రింట్లు.
తెర మీద ఎప్పుడూ వానే.
ఎండలో వడ్లు తూర్పారబడుతున్నా వానే.

నిజం చెప్పాలంటే సగం సినిమా నిద్రపోయేవాళ్లం.
అదీ వంతులవారీగా, డ్యూటీ చార్టులాగా.
ఒకరు మేలుకుని చూడాలి, తర్వాత మిగతావాళ్లకి చెప్పాలి,
ఏడుపు సీనొస్తే తప్పకుండా లేపాలి.
ఎవరి భుజం మీద ఎవరి తలో
వెలుతురొస్తే గాని తెలిసేది కాదు.

ఒక సినిమాకి నాలుగుసార్లు వెళ్లాం.
తప్పిపోయిన అన్నకోసం ఒకావిడ రేవు రేవూ తిరుగుతుంది.
చివరికి ఒక ఇల్లు, ఒక తలుపు.
కొట్టడానికి చెయ్యెత్తుతుంది.
సరిగ్గా అక్కడ ఒంటిగంట ఇరవై అయ్యేది.
మేం లేచేవాళ్లం.
పిల్లలు బడినించి వచ్చేలోపు ఇంట్లో ఉండాలి,
బండి ఒంటిగంట నలభైకి.
వెనకాల ఆమె చెయ్యి అలాగే గాల్లో.

తిరుగు ప్రయాణం అంతా ఆ తలుపే.
లోపల ఎవరూ ఉండరనేది రాణి,
గుమ్మంలో పాత చెప్పులు మాత్రం ఉంటాయట.
అన్నే తీస్తాడనేది మస్తాన్‌బీ,
గుర్తుపట్టడు గానీ మంచినీళ్లిస్తాడు,
ఆమె తాగి వెళ్లిపోతుంది.
మంగళగిరి దాటేదాకా పోట్లాడుకునేవాళ్లు.
నాకేమీ తోచేది కాదు.
టికెట్లు లెక్కపెట్టుకునేదాన్ని.

మొన్న శుక్రవారం ఫోనులో అది దొరికింది.
గీతల్లేవు, వాన వెలిసింది, మొహాలన్నీ తుడిచినట్టున్నాయి.
నిద్ర రాలేదు.
ఒంటిగంట ఇరవై లాంటిది వచ్చింది.
కాళ్లు కాస్త కదిలాయి కూడా.
కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది.
తీసింది హాస్యగాడు. ఇల్లు పొరపాటట.
తర్వాత ఒక కొట్లాట, పోలీసులు,
అందరూ వరసగా నిలబడి నవ్వారు, శుభం.
ఇరవై రెండు నిమిషాలు.

రాణి పోయి మార్చికి రెండేళ్లు.
ఆ గుమ్మంలో చెప్పులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి,
ఎడమదాని బొటనవేలి పట్టీ తెగి.
అది రాణి చెప్పలేదు. నేనే తెంపానేమో.

బాపట్లకి ఫోను చేశాను.
"ఒసే మస్తానూ, ఆ తలుపు తీశారే."
అటునించి కుక్కర్ కూత ఒకటి, కాసేపు ఏమీ లేదు.
"చెప్పమాక" అంది.
తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
లైను కూడా కట్ చెయ్యలేదు.
మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా
అని మధ్యలో అడగడానికి
ఇప్పుడు ఎవరూ లేరు గదా.